నంబర్లు పోలేదు, వేరే చోట ఉన్నాయి

కిందటేడు వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే నల్లకుంట నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. తన ఫోన్ నుంచి కాదు, పక్కింటివాళ్ల ఫోన్ నుంచి. నా నంబరు వంటింటి క్యాలెండర్ వెనక రాసి ఉండబట్టి చేయగలిగింది. "బిడ్డా, నా నంబర్లన్నీ పోయినయ్. పదకొండు మందే మిగిలిన్రు" అంది. గొంతులో ఏడుపు ఆపుకుంటున్నట్టు తెలుస్తోంది.

అంతకు ముందురోజు సిమ్ మార్పించుకుంది. పాత సిమ్ 4జీకి పనికిరాదని దుకాణంలో కొత్తది ఇచ్చారు. సాయంత్రానికి సిగ్నల్ వచ్చింది కానీ మందుల షాపు, గ్యాస్, పాలబ్బాయి, చుట్టాలు, ఎవరూ లేరు. వీధి చివర రిపేరు షాపులో చూపిస్తే "ఫోన్ పాతదైంది ఆంటీ, సాఫ్ట్‌వేర్ వేయాలి" అన్నారట. ఎందుకో మనసొప్పక ఫోన్ వెనక్కి తెచ్చేసుకుంది. ఆమె చేసిన మంచి పని అదే. సాఫ్ట్‌వేర్ వేయిస్తే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, మిగిలిన పదకొండూ పోయేవి.

నేను వెళ్లేసరికి పాత సిమ్ ఆమె పర్సులో రసీదు మడతలో ఉంది. ఫోన్‌లో పెట్టాం. సిగ్నల్ రాలేదు, రాదు కూడా, ఆ సిమ్ అప్పటికే రద్దయింది. అయినా రెండు నిమిషాలకు ఒక్కో పేరే రావడం మొదలైంది. మొత్తం రెండొందల ముప్పై పైచిలుకు. నంబర్లు ఎక్కడికీ పోలేదు. ఆమె చూస్తున్న పుస్తకంలో లేవు, అంతే.

పాత స్మార్ట్‌ఫోన్లలో కాంటాక్టులు మాయమయ్యాయంటూ నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. కంగారులో నొక్కే మీటలే అసలు నష్టం చేస్తాయి. అందుకే ఏదైనా చేసేముందు ఆ పేర్లు ఎక్కడెక్కడ ఉంటాయో తెలుసుకోవడం అవసరం.

ఒక జాబితా, చాలా పుస్తకాలు

ఫోన్‌లో కాంటాక్ట్స్ నొక్కగానే ఒకటే జాబితా కనబడుతుంది కాబట్టి ఒకటే పుస్తకం అనుకుంటాం. కానీ అది మూడు నాలుగు పుస్తకాల్లోంచి పేర్లు తెచ్చి ఒకచోట పరిచిన వరస. ఒక పుస్తకం సిమ్ కార్డులో ఉంటుంది. ఒకటి ఫోన్ మెమరీలో. ఒకటి గూగుల్ ఖాతాలో, అంటే ఫోన్ బయట, గూగుల్ కంప్యూటర్లలో. ఫోన్ తయారు చేసిన కంపెనీ ఖాతా తెరిపించి ఉంటే అక్కడ ఇంకొకటి. కొత్త నంబరు సేవ్ చేసేటప్పుడు ఎక్కడ పెట్టాలని ఫోన్ మొదటిసారి ఒక్కసారే అడుగుతుంది. మనం ఏదో ఒకటి నొక్కేస్తాం. తర్వాత ఏళ్ల తరబడి అన్నీ అక్కడికే పోతుంటాయి.

వీటిలో సిమ్ అన్నిటికంటే పాతది, అన్నిటికంటే ఇరుకైనది. ల్యాండ్‌లైన్ పక్కన పెట్టుకునే చిన్న డైరీ లాంటిది. మామూలుగా 250 పేర్ల దాకా పడతాయి. చాలా సిమ్‌లలో పేరుకు ఒకటే నంబరు. ఇంటి నంబరు, ఆఫీసు నంబరు, పుట్టినరోజు, ఫొటో, ఇవేవీ అందులో పట్టవు. ఫోన్ నుంచి సిమ్‌లోకి కాపీ చేస్తే ఇవన్నీ రాలిపోతాయి, పేరూ మొదటి నంబరూ మాత్రమే మిగులుతాయి. పేరుకు కూడా చోటు తక్కువే. తెలుగులో రాసుకునేవాళ్లకు మరీ తక్కువ. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతే, తెలుగు గుర్తుకు చాలా ఫోన్లు రెండు బైట్లు వాడతాయి. పైగా 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరమే గానీ ఫోన్‌కు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు గుర్తులు. పేరుకు 14 బైట్లు మాత్రమే ఉన్న సిమ్‌లో 'శ్రీనివాస్ మామయ్య' అని రాస్తే 'శ్రీని' దగ్గర తెగిపోతుంది. ఇంట్లో ముగ్గురు శ్రీనివాసులుంటే ముగ్గురూ 'శ్రీని'లే అవుతారు. ఇది ఎవరి తప్పూ కాదు, ఆ కార్డులో చోటు అంతే.

సిమ్ మార్చినప్పుడు, నంబరు వేరే కంపెనీకి పోర్ట్ చేసుకున్నప్పుడు, చిన్న సైజు సిమ్ తీసుకున్నప్పుడు వచ్చేది ఖాళీ కార్డు. మన ఫోన్ నంబరు కొత్త కార్డుకు మారుతుంది గానీ, పాత కార్డులో మనం రాసుకున్న పేర్లు మారవు. కంపెనీ దగ్గర వాటి కాపీ ఉండదు. 2011 జనవరి 20న నంబర్ పోర్టబిలిటీ దేశమంతా వచ్చింది. అప్పటి నుంచి ఇలా పేర్లు పోగొట్టుకున్నవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను. కౌంటర్‌లో ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట ముందుగా చెబితే ఎంతోమందికి మేలు. చెప్పరు కాబట్టి మనమే గుర్తుపెట్టుకోవాలి: సిమ్ మార్చే ముందు పేర్లన్నీ ఫోన్‌లోకో గూగుల్‌లోకో కాపీ చేసుకోవాలి, పాత సిమ్ పారేయకూడదు. రద్దయిన సిమ్‌లో కూడా ఫోన్‌బుక్ అలాగే ఉంటుంది, ఫోన్ చదవగలదు. సైజు పెద్దదైతే పాత ఫోన్ ఏదైనా ఇంట్లో వెతికి అందులో పెట్టి చదివించవచ్చు. దాన్ని కత్తిరించాల్సి వస్తే బంగారు రంగు చిప్ మీద మాత్రం కత్తెర పడకూడదు.

సిమ్‌లో పేర్లుంటే ఫోన్ ఆన్ చేసిన వెంటనే జాబితా ఖాళీగా కనిపించడం మామూలే. సిమ్ నెమ్మదిగా చదవబడుతుంది, రెండు మూడు నిమిషాలు ఆగాలి. సిమ్ ట్రే వదులైన పాత ఫోన్లలో కార్డు కాస్త కదిలినా పేర్లు వస్తూ పోతూ ఉంటాయి. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి సరిగ్గా కూర్చోబెడితే చాలాసార్లు అంతటితో సరి.

ఫోన్ మెమరీలోని పుస్తకానికి ఇలాంటి ఇరుకు లేదు. కానీ అది ఫోన్‌తోనే పోతుంది. ఫోన్ నీళ్లలో పడినా, ఆటోలో మరచిపోయినా, సాఫ్ట్‌వేర్ వేయించినా అంతే. గూగుల్ ఖాతాలోది మాత్రం ఫోన్ పోయినా మిగులుతుంది. నా సలహా అడిగితే, మొహమాటం లేకుండా చెబుతాను: పేర్లన్నీ గూగుల్ ఖాతాలో పెట్టండి. ఆ ఖాతా మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి బీరువాలో దాచండి. ఎందుకంటే పెద్దవాళ్ల ఫోన్లలో ఉన్న గూగుల్ ఖాతా చాలాసార్లు షాపులో అబ్బాయి ఎవరో తెరిచిందే. దాని పాస్‌వర్డ్ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పేర్లు భద్రంగానే ఉంటాయి, తాళంచెవే ఉండదు.

వాట్సాప్‌లో కనిపించేది మామూలుగా వేరే పుస్తకం కాదు. మన ఫోన్‌లోని నంబర్లు చూసి, వాటిలో వాట్సాప్ ఉన్నవాళ్లను చూపిస్తుంది. అందుకే ఫోన్‌లో పేరు పోతే వాట్సాప్‌లోనూ పేరు పోయి ఉత్త నంబరు మిగులుతుంది. ఇందులో మనకు ఒక సాయం ఉంది. పాత చాట్లు అలాగే ఉంటాయి కాబట్టి, ఫోటోలూ మాటలూ చూసి ఎవరి నంబరు ఏదో గుర్తుపట్టి మళ్లీ సేవ్ చేసుకోవచ్చు. మరే దారీ లేనప్పుడు చాలామంది చుట్టాలను నేను ఇలాగే వెతికి తెచ్చాను.

ఒకే మనిషి మూడుసార్లు కనిపించడానికి కారణం కూడా ఈ పుస్తకాలే. సిమ్‌లో ఒకటి, ఫోన్‌లో ఒకటి, గూగుల్‌లో ఒకటి. పేర్లు సరిపోలితే ఆండ్రాయిడ్ వాటిని కలిపి ఒకటే కార్డుగా చూపిస్తుంది. ఒకచోట 'లక్ష్మి అత్త', ఇంకోచోట 'లక్ష్మి అత్తయ్య' అని ఉంటే విడివిడిగా చూపిస్తుంది. డూప్లికేట్ అని ఒకటి తీసేయబోయే ముందు ఆగాలి. కలిపి చూపిస్తున్న కార్డును డిలీట్ చేస్తే వెనకాల ఉన్న పుస్తకాలన్నిటిలోంచీ పోవచ్చు. గూగుల్ కాంటాక్ట్స్‌లో ఒకే మనిషి పేర్లను కలిపే సదుపాయం ఉంది, దాన్ని వాడటం మేలు.

కనబడకపోతే ముందు ఏం చూడాలి

మొదట చూడాల్సింది ఫిల్టర్. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో ఏ పుస్తకం చూపించాలో ఎంచుకునే చోటు ఉంటుంది. చాలా ఫోన్లలో దాన్ని 'కాంటాక్ట్స్ టు డిస్‌ప్లే' అంటారు. వేలు తగిలి అక్కడ 'సిమ్' ఒక్కటే ఎంపికైతే మిగతా పేర్లన్నీ ఒక్కసారిగా మాయమైనట్టు ఉంటుంది. 'ఆల్ కాంటాక్ట్స్' పెట్టగానే తిరిగొస్తాయి. అక్కడే 'నంబర్లు ఉన్న కాంటాక్టులే చూపు' అనే ఇంకో మీట కూడా కొన్ని ఫోన్లలో ఉంటుంది.

అది సరిగ్గానే ఉంటే కంప్యూటర్‌లోనో, ఇంట్లో మరొకరి ఫోన్‌లోనో కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి అదే ఖాతాతో లోపలికి వెళ్లాలి. పేర్లు అక్కడ ఉంటే భయం లేదు, ఫోన్ దాకా రావడం లేదంతే. అక్కడా లేకపోతే ట్రాష్ చూడాలి. డిలీట్ అయినవి 30 రోజుల పాటు అందులో ఉంటాయి. మొత్తం జాబితానే తారుమారైతే సెట్టింగ్స్‌లో 'అన్‌డూ చేంజెస్' ఉంది. గంట క్రితం, నిన్న, వారం క్రితం, ఇలా 30 రోజుల్లోపు ఏ రోజు ఉన్న స్థితికైనా వెనక్కి తీసుకెళ్తుంది. ఈ ముప్పై రోజుల గడువు చాలా విలువైనది. "తర్వాత చూద్దాంలే" అని రెండు నెలలు ఆగి వచ్చినవాళ్లకు ఏమీ చేయలేకపోయిన సందర్భాలు నాకు ఇప్పటికీ బాధగా గుర్తున్నాయి.

పేర్లు గూగుల్‌లో ఉండి ఫోన్‌లోకి రాకపోతే, ఆ దారి ఎక్కడ మూసుకుందో చూడాలి. పాత ఫోన్లలో ముందు అనుమానించాల్సింది నిండిపోయిన మెమరీ. గుడ్ మార్నింగ్ ఫొటోలు, పెళ్లి వీడియోలతో మెమరీ నిండితే సింక్, అంటే గూగుల్‌లోని పేర్లు ఫోన్‌లోకి వచ్చి చేరడం, ఆగిపోతుంది, కొత్త నంబరు సేవ్ కూడా కాదు. ఆ తర్వాత తేదీ. బ్యాటరీ పూర్తిగా దిగిపోయి మళ్లీ ఆన్ చేస్తే కొన్ని పాత ఫోన్లు ఎప్పటిదో తేదీ చూపిస్తాయి. తేదీ తప్పుగా ఉంటే గూగుల్‌తో భద్రమైన కనెక్షన్ కుదరదు, సింక్ జరగదు. తేదీ సరిచేస్తే చాలు.

ఫోన్ మరీ పాతదైతే ఏ సెట్టింగ్ మార్చినా లాభం ఉండదు. 2021 సెప్టెంబర్ 27 నుంచి ఆండ్రాయిడ్ 2.3.7, అంతకంటే పాత ఫోన్లలో గూగుల్ ఖాతాలోకి లాగిన్ అవడం కుదరదు. ఆండ్రాయిడ్ 4.4 కిట్‌క్యాట్‌కు, గూగుల్ సేవలను ఫోన్‌లో నడిపే గూగుల్ ప్లే సర్వీసెస్ కొత్త వెర్షన్లు 2023 ఆగస్టు నుంచి ఆగిపోయాయి. 2025 జనవరి 1 నుంచి వాట్సాప్ కూడా ఆ ఫోన్లలో ఆగిపోయింది. ఇలాంటి ఫోన్ ఇంట్లో ఉంటే పొరపాటున కూడా ఖాతా తీసేసి మళ్లీ పెట్టే ప్రయత్నం చేయకండి. తీయడం వీలవుతుంది, మళ్లీ పెట్టడం వీలు కాకపోవచ్చు.

అలాంటి ఫోన్లలోంచి పేర్లు తేవడానికి వీసీఎఫ్ ఫైలు ఉంది. కాంటాక్ట్స్‌లో ఇంపోర్ట్-ఎక్స్‌పోర్ట్ అనే చోట 'ఎక్స్‌పోర్ట్' నొక్కితే పేర్లన్నీ ఒక చిన్న ఫైలుగా మెమరీ కార్డులోకో ఫోన్‌లోకో వస్తాయి. దాన్ని బ్లూటూత్‌తో కొత్త ఫోన్‌కు పంపి తెరిస్తే చాలు. ఇంటర్నెట్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిచి చూసినప్పుడు తెలుగు పేర్ల బదులు '=E0=B0' లాంటివి వరసగా కనిపిస్తే టెన్షన్ పడకండి. ఈ ఫైళ్లు రాసే పాత పద్ధతిలో (దాన్ని వీకార్డ్ అంటారు) తెలుగును అలాగే రాస్తారు. ఫోన్‌లోకి ఇంపోర్ట్ చేస్తే మళ్లీ తెలుగే వస్తుంది. ఆ ఫైలును చేత్తో సరిచేయాలని చూస్తేనే పాడవుతుంది.

తెలుగు పేర్ల గురించి ఇంకొంచెం. చాలా పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటే లేదు, పేర్లు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తాయి. డబ్బాలు కనిపించినా లోపల పేరు క్షేమంగానే ఉంటుంది, కొత్త ఫోన్‌లోకి వెళ్లగానే అక్షరాలు కనిపిస్తాయి. వెతకడంలో మాత్రం ఇబ్బంది నిజం. పేరు తెలుగులో రాసుకుని ఇంగ్లీషులో వెతికితే పాత ఫోన్లు పట్టుకోలేవు. డయల్‌ప్యాడ్ అంకెల కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలతో వెతికినా తెలుగు పేరు రాదు. పేరు తెలుగులో రాసి, మారుపేరు (నిక్‌నేమ్) గడిలో ఇంగ్లీషులో కూడా రాసుకుంటే చాలా ఫోన్లలో రెండు రకాలుగానూ దొరుకుతుంది. అందుకని తెలుగు మానేయమని మాత్రం నేను అనను. చదవగలిగిన భాషలో పేరుండటం పెద్దవాళ్లకు ఎంత ధైర్యమో దగ్గర్నుంచి చూశాను.

ఇక ఫోన్ చూపించే ఒక ఎర్రర్ సందేశం ఉంది. 'ఆండ్రాయిడ్ డాట్ ప్రాసెస్ డాట్ ఎకోర్ ఆగిపోయింది' అని పదేపదే వస్తూ కాంటాక్ట్స్ తెరుచుకోదు. ఫోన్‌లో పేర్లు దాచే విభాగం తడబడుతోందని దాని అర్థం. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితాలో 'కాంటాక్ట్స్ స్టోరేజ్' అని ఉంటుంది. అక్కడ రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి. 'క్లియర్ క్యాష్' నొక్కితే ప్రమాదం లేదు. 'క్లియర్ డేటా' నొక్కితే ఫోన్ మెమరీలో మాత్రమే ఉన్న పేర్లు శాశ్వతంగా పోతాయి. ఇంటర్నెట్‌లో చాలామంది ఈ రెండో మీటనే మందుగా చెబుతారు, ముందు జాగ్రత్త మాత్రం చెప్పరు. పేర్లు గూగుల్‌లో ఉన్నాయని కంటితో చూసి నిర్ధారించుకున్నాకే దాని జోలికి వెళ్లాలి.

పేరుంది, ఫోన్ పోవడం లేదు

డయలింగ్ వేరే సంగతి. పేరు కనిపిస్తుంది, నొక్కితే కాల్ వెళ్లదు. ముందుగా రీచార్జి గడువు చూడండి. గడువు తీరితే మొదట ఆగేది మన నుంచి వెళ్లే కాల్సే, వచ్చే కాల్స్ కొన్నాళ్లు వస్తుంటాయి. "ఫోన్లు వస్తున్నాయి కదా, సిమ్ బాగానే ఉంది" అని చాలామంది ఇక్కడే పొరబడతారు.

తర్వాత నంబరు రాసిన తీరు. మన ఊళ్లో ఇది పెద్ద చిక్కు. హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కు ఎనిమిది అంకెలు. ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు ఊళ్లో ఆ ఎనిమిదీ చాలు. మొబైల్ నుంచి చేస్తే మాత్రం, మనం అదే వీధిలో ఉన్నా సరే, ముందు 040 ఉండాలి. పాత డైరీలోంచి ఎక్కించిన ఆసుపత్రి నంబరో, అపార్ట్‌మెంట్ నంబరో పలకకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు 2021 జనవరి 15 నుంచి ముందు సున్నా తప్పనిసరి అయింది. ఇంట్లో ల్యాండ్‌లైన్ వాడే పెద్దవాళ్లకు ఈ సంగతి ఇప్పటికీ తెలియకపోవడం చూస్తుంటాను.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లలో ఇంకో రకం. పిల్లలు అక్కడ కొన్నాళ్లు వాడి ఇచ్చిన ఫోన్‌లో మన నంబర్లు 011 91 అని మొదలవుతాయి. అమెరికా నుంచి బయటి దేశానికి చేయడానికి 011 నొక్కాలి. మన దేశంలో 011 ఢిల్లీ ఎస్టీడీ కోడ్. అదే నంబరు ఇక్కడ నొక్కితే హిమాయత్‌నగర్‌లో ఉన్న మేనమామకు కాల్ వెళ్లదు. ప్రతి నంబరునూ ప్లస్ గుర్తు, దేశం కోడ్‌తో సేవ్ చేసుకుంటే ఈ గొడవే ఉండదు. మన మొబైళ్లకు ప్లస్ 91, ఆపైన పది అంకెలు. హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కు ప్లస్ 91, 40, ఆపైన ఎనిమిది. ముందున్న సున్నా ఉండకూడదు. ఇలా రాస్తే ఏ దేశం నుంచి నొక్కినా వెళ్తుంది, వాట్సాప్ కూడా సరిగ్గా గుర్తిస్తుంది. ప్లస్ గుర్తు రావడానికి డయల్‌ప్యాడ్‌లో సున్నా మీద వేలు కాసేపు ఉంచాలి.

ఒకరి కాల్ వస్తే వేరొకరి పేరు కనిపించడం కూడా నంబర్ల సంగతే. ఒకే నంబరును ఒకరు సున్నాతో, ఒకరు ప్లస్ 91తో రాస్తారు కాబట్టి, పాత ఆండ్రాయిడ్ ఫోన్లు మొత్తం నంబరు చూడకుండా చివరి ఏడు అంకెలు పోల్చి పేరు వెతికేవి. ఇద్దరి నంబర్లలో చివరి ఏడూ ఒకటే అయితే పేర్లు తారుమారవుతాయి. అరుదే, కానీ జరిగినప్పుడు ఇంట్లో అనుమానాలు పుడతాయి. దీనికీ పూర్తి నంబరు రాసుకోవడమే కొంతవరకు మేలు. మిగతాది ఆ ఫోన్ తీరు.

నంబరు సరిగ్గానే ఉన్నా కాల్ వెళ్లకపోతే నెట్‌వర్క్ వైపు చూడాలి. నన్ను చాలామంది అడిగే ప్రశ్న: "నెట్ వస్తోంది, వీడియోలు ఆడుతున్నాయి, ఫోన్ మాత్రం ఎందుకు పోదు?" 2016 సెప్టెంబర్ 5న వచ్చిన జియోకు 2జీ, 3జీ లేవు. అందులో మాట కూడా 4జీ మీదే వెళ్తుంది, దాన్నే వోల్టీ అంటారు. ఫోన్ 4జీదే అయినా వోల్టీ లేకపోతే జియో సిమ్‌తో డేటా వస్తుంది, మామూలు కాల్ వెళ్లదు. అలాంటి ఫోన్ల కోసమే జియో మొదట జియో4జీవాయిస్ అనే యాప్, తర్వాత జియోకాల్ తెచ్చింది. 2జీ ఉన్న కంపెనీల సిమ్ పెడితే అదే ఫోన్ కాల్ సమయానికి 2జీకి దిగి మాట్లాడనిస్తుంది. కాబట్టి వోల్టీ లేని పాత ఫోన్ పెద్దవాళ్లకు ఇస్తుంటే ఏ సిమ్ వేస్తున్నామో ముందే ఆలోచించాలి. వోల్టీ ఉన్న ఫోన్లలోనూ ఆ మీట ఆఫ్‌లో ఉండిపోవచ్చు, మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో చూడండి.

అక్కడే నెట్‌వర్క్ రకం ఎంచుకునే చోటు ఉంటుంది. ఎప్పుడో నెట్ వేగం కోసం '3జీ ఓన్లీ' అనో 'డబ్ల్యూసీడీఎంఏ ఓన్లీ' (అదీ 3జీయే) అనో పెట్టి మరచిపోయి ఉంటారు. ఎయిర్‌టెల్ తన 3జీని ఆపేసి కొన్నేళ్లయింది. ఆ సెట్టింగ్‌తో ఆ సిమ్‌కు సిగ్నలే రాదు, టవర్ పక్కన నిలబడినా సరే. ఆటోమేటిక్‌గా మార్చగానే గీతలు నిండుగా వస్తాయి. ఈ ఒక్క మార్పుతో మూలన పడేసిన ఫోన్లు మళ్లీ మోగడం చూశాను.

కొందరికి మాత్రమే కాల్ వెళ్లి, మిగతావాళ్లకు వెళ్లకపోతే ఫిక్స్‌డ్ డయలింగ్, అంటే ఎఫ్‌డీఎన్, ఆన్‌లో ఉందేమో చూడాలి. అది ఆన్ అయితే అందులో రాసిన నంబర్లకే ఫోన్ వెళ్తుంది. దాన్ని ఆపడానికి పిన్2, అంటే సిమ్‌కు ఉండే రెండో రహస్య సంఖ్య, కావాలి. ఊహించి నొక్కకండి, కొన్ని తప్పుల తర్వాత అది లాక్ అవుతుంది. కంపెనీ వాళ్లనే అడగాలి. వచ్చే కాల్స్ వేరెవరికో పోతుంటే కాల్ ఫార్వర్డింగ్ చూడాలి. ఈ దారిలో మోసాలు పెరగడంతో 2024 ఏప్రిల్ 15 నుంచి కోడ్ నొక్కి ఫార్వర్డింగ్ పెట్టే పద్ధతిని టెలికాం శాఖ ఆపించింది. ఎవరైనా ఫోన్ చేసి 401తో మొదలయ్యే కోడ్ నొక్కమంటే నొక్కకూడదని ఇంట్లో పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పండి.

రెండు సిమ్‌ల ఫోన్‌లో కాల్స్‌కు ఏ సిమ్ ఎంపికైందో, ఫోన్ యాప్ బదులు ఇంకేదైనా యాప్ డిఫాల్ట్‌గా కూర్చుందో చూడటం కూడా మరవకూడదు.

మిగిలింది గాజు, వేలు. డయల్‌ప్యాడ్‌లో ఒక వరస అంకెలు పలకకపోతే టచ్ పోయిందేమో చూడాలి. హోమ్ స్క్రీన్ మీద ఏదైనా యాప్ గుర్తును వేలితో పట్టుకుని తెర అంతా తిప్పితే, ఏదో ఒకచోట జారిపోతుంది. ప్రతిసారీ అక్కడే జారితే అక్కడ టచ్ చచ్చిందన్నమాట. దీనికి సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు వేసినా లాభం లేదు, జగదీష్ మార్కెట్‌లోనో కోఠిలోనో కాంబో, అంటే తెరా టచ్ కలిసి ఉండే భాగం, మార్పించాల్సిందే. ముందు పేర్లు కాపీ చేసుకుని తర్వాతే ఫోన్ ఇవ్వండి. కాల్ చేయగానే తెర నల్లగా అయిపోయి, కట్ చేయడానికి కూడా రాకపోతే చెవి దగ్గరికి ఫోన్ వచ్చిందని గుర్తించే సెన్సర్ మీద టెంపర్డ్ గ్లాస్ అడ్డుపడిందేమో, దుమ్ము పట్టిందేమో చూడాలి. అది బాగయ్యే దాకా యాక్సెసిబిలిటీలో 'పవర్ బటన్‌తో కాల్ ముగించు' ఆన్ చేసి పెడితే సరిపోతుంది.

పెద్దమ్మ ఫోన్‌లో ఆ రోజు పేర్లన్నీ పాత సిమ్ నుంచి ఫోన్‌లోకి, అక్కడి నుంచి గూగుల్‌లోకి చేర్చాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కో పేరూ చదువుతూ పోయాం. నాలుగేళ్ల కింద చనిపోయిన వాళ్లక్క పేరు దగ్గర ఆగింది. వాట్సాప్‌లో ఆ పేరు మీద ఎవరో కుర్రవాడి ఫొటో, వెనక బండి. ఆ కుర్రవాడు చేసిన తప్పేమీ లేదు. వాడకం ఆగిన నంబరును 90 రోజుల తర్వాత కంపెనీలు ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఇది ఆమెకు చెప్పాను. చాలాసేపు ఆ ఫొటో చూసింది. "నంబర్ తీసెయ్. పేరు ఉండనీ" అంది.

కాంటాక్ట్‌లో నంబరు తీసేసి పేరు ఉంచవచ్చు, గూగుల్ ఒప్పుకుంటుంది. తీసి సేవ్ చేయగానే జాబితాలోంచి ఆ పేరు మాయమైంది. ఫిల్టర్‌లోకి వెళ్లి 'నంబర్లు ఉన్న కాంటాక్టులే చూపు' ఆఫ్ చేశాను. పేరు తిరిగొచ్చింది.